ఇంటి వైఫైకి తాళం: హనుమకొండ ప్రాజెక్టు డైరీ

ఇల్లు నయీంనగర్‌లో. కింద మేం నలుగురం, పైన పోర్షన్‌లో యూనివర్సిటీలో చదివే ఇద్దరు అబ్బాయిలు. నెట్ మా వీధి కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్. 100 ఎంబిపిఎస్ ప్లాన్, నెలకు 500 జీబీ దాటితే 2 ఎంబిపిఎస్‌కి పడిపోతుంది. ఈమధ్య నెలలో ఇరవయ్యో తారీఖుకే పడిపోతోంది. ఆఫీసు పని ఇదే లైను మీద నడుస్తుంది కాబట్టి ఊరుకునే వీల్లేదు.

కావలసినవి: లినక్స్ ఉన్న లాప్‌టాప్, అందులో ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లో ఏ పరికరాలున్నాయో, వాటిలో ఏం తెరిచి ఉందో చూపే టూల్), ఫోన్‌లో సిగ్నల్ కొలిచే ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్, ఒక లాన్ కేబుల్, ఒక నోట్‌బుక్. చివరిది తమాషాకు చెప్పడం లేదు. నెట్ ఆగిపోయినప్పుడు మొబైల్ స్క్రీన్‌షాట్లు వెతుక్కోవడం కన్నా కాగితం నయం.

దశ 1: ఎవరెవరు ఉన్నారు

ముందు లెక్క తేలాలి. పాస్‌వర్డ్ మార్చేస్తే అందరూ ఎగిరిపోతారు, సమస్య తీరిపోతుందని చాలామంది అక్కడే మొదలుపెడతారు. అలా చేస్తే అప్పటిదాకా ఎవరున్నారో, ఎవరి దగ్గర ఏముందో ఎప్పటికీ తెలియదు.

1. బ్రౌజర్‌లో 192.168.1.1 (రౌటర్ సెట్టింగ్స్ పేజీ) తెరిచి డీహెచ్‌సీపీ లిస్టు (రౌటర్ అడ్రస్‌లు ఇచ్చిన పరికరాల జాబితా) కాపీ చేశాను.
2. లాప్‌టాప్ నుంచి మొత్తం 192.168.1.0/24 (ఇంటి నెట్‌వర్క్‌లోని అడ్రస్‌లన్నీ) మీద ఎన్‌మ్యాప్ పింగ్ స్కాన్ వేశాను.
3. ఇంట్లో ఒక్కో పరికరం ఆపుతూ లిస్టులో ఏ వరుస పోతోందో గుర్తు పెట్టాను.

లిస్టులో 23 వరుసలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవి, గుర్తున్నంతవరకు, 11.

ఇక్కడ ఒక చిక్కుంది, కొంచెం వివరంగా చెప్తాను. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్ తన అసలు మ్యాక్ అడ్రస్ (పరికరానికి కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబరు) చూపించదు. ఒక్కో నెట్‌వర్క్ పేరుకు ఒక్కో నకిలీ అడ్రస్ తయారుచేసుకుంటుంది. ఆపరేటర్ ఇచ్చిన వైఫై డబ్బాలో 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒక పేరు, 5 గిగాహెర్ట్జ్‌కి ఇంకో పేరు. దాంతో మా నాలుగు ఫోన్లు ఎనిమిది వరుసలయ్యాయి. నకిలీ అడ్రస్‌ను పట్టే గుర్తు సులువే: అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఇ వీటిలో ఏదైనా అయితే అది ఫోన్ కల్పించుకున్నది. ఫోన్ సెట్టింగ్స్‌లో మన ఇంటి నెట్‌వర్క్ వరకు అసలు మ్యాక్ వాడమని పెట్టుకుంటే లెక్క తేలికవుతుంది. బయట మాత్రం నకిలీదే ఉండనివ్వండి, అది మన మంచికే.

తేలిన లెక్క:

- మా ఫోన్లు 4 (8 వరుసలు), లాప్‌టాప్‌లు 2, టీవీ 1, గేటు కెమెరా 1, ప్రింటర్ 1, వైఫై బల్బులు 2
- బోరు మోటారు స్టార్టర్‌లో ఎలక్ట్రీషియన్ బిగించిన వైఫై మాడ్యూల్ 1. ఇది ఉందన్న సంగతే ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.
- పై పోర్షన్ అబ్బాయిలవి 3
- పక్కింటి పెద్దమ్మ వాళ్లవి 3: ఒక ఫోన్, ఒక టాబ్, ఒక టీవీ
- ఎవరిదో తెలియని ఫోన్ 1

పక్కింటి టీవీ చూడగానే 500 జీబీ ఎక్కడికి పోతోందో అర్థమైంది. అమ్మను అడిగితే దాచలేదు. "కరోనా అప్పుడు వాళ్ల పొల్లగానికి క్లాసులుంటే నేనే ఇచ్చిన. ఇప్పుడు బంద్ జేస్తే ఏమనుకుంటరు రా?" అంది. కాబట్టి వాళ్లను తీసేయడం ఈ ప్రాజెక్టులో లేదు. వాళ్లు మా ఆఫీసు లాప్‌టాప్ ఉన్న చోట కాకుండా వేరే చోట ఉండేలా చేయడమే పని.

ఆ తెలియని ఫోన్ మాత్రం రాత్రి తొమ్మిది దాటాక వచ్చి, పదకొండున్నరకు పోతోంది. ఒకరిద్దరి డేటాతో మనకు వచ్చే నష్టం పెద్దదేం కాదని నాన్న వాదన. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఒక విదేశీయుడు అద్దెకుంటున్న ఇంటి వైఫై నుంచి వెళ్లింది. పాస్‌వర్డ్ లేని వైఫై అది. పోలీసులు మొదట వచ్చింది ఆయన ఇంటికే. ఈ సంగతి చెప్పాక నాన్న మళ్లీ వాదించలేదు.

లెక్క: పరికరాలు 19, అందులో మనవి 12. ఖర్చు 0.

దశ 2: ఆపరేటర్ ఇచ్చిన డబ్బా

బీరువా మీద, గోడకు ఆనించి, దుమ్ముపట్టి ఉంది. కింద స్టిక్కర్ మీద అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్ అచ్చేసి ఉన్నాయి, అవే పనిచేస్తున్నాయి. ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) తేదీ 2019. లోపలి వైపు నుంచి ఎన్‌మ్యాప్ వేస్తే 23, 53, 80 పోర్టులు (లోపలికి వెళ్లే నంబరు తలుపులు) తెరిచి కనిపించాయి. 53 (డీఎన్‌ఎస్, సైటు పేరును అడ్రస్‌గా మార్చేది), 80 (సెట్టింగ్స్ పేజీ) ఉండాల్సినవే. 23 అంటే టెల్‌నెట్, పాస్‌వర్డ్‌తో సహా అన్నీ ముసుగు లేకుండా పంపే పాత పద్ధతి.

డబ్ల్యుపిఎస్ ఆన్‌లో ఉంది. బటన్ నొక్కితే కనెక్ట్ అయ్యే సదుపాయం అని దీన్ని అందరూ వదిలేస్తారు. అసలు గొడవ దాని పిన్‌తో. పిన్‌లో ఎనిమిది అంకెలు, అంటే పది కోట్లు ప్రయత్నించాలి అనిపిస్తుంది. కానీ చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టేదే. పైగా రౌటర్ మొదటి నాలుగు అంకెలు సరైనవా కాదా అన్నది విడిగా చెప్పేస్తుంది. అంటే పదివేలు, ఆ తర్వాత ఇంకో వెయ్యి. మొత్తం 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఈ లోపం 2011లోనే బయటపడింది. వైఫై పాస్‌వర్డ్ ఎంత పొడుగ్గా పెట్టినా ఈ దారి తెరిచి ఉంటే లాభం లేదు.

ఆపుదామంటే యూజర్ లాగిన్‌లో ఆ మెనూనే లేదు. డీఎన్‌ఎస్ మార్చే చోటూ లేదు. పూర్తి అధికారాల లాగిన్ ఆపరేటర్ దగ్గరే ఉంటుంది. దూరం నుంచి రిపేర్లు చేయడానికి వాళ్లకు అది కావాలి, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ మన ఇంటి లోపలి నెట్‌వర్క్ కూడా అదే డబ్బా నడపాల్సిన అవసరం లేదు. దాన్ని ఫైబర్‌ను లాన్‌గా మార్చే పనికి మాత్రం ఉంచి, మిగతాదంతా మన రౌటర్‌కి అప్పగించడమే బ్రిడ్జ్ మోడ్.

లైన్ చూసే అబ్బాయికి ఫోన్ చేస్తే, "అన్నా, బ్రిడ్జ్ పెడ్తే మల్ల నెట్ వస్తలేదని మాకు ఫోన్ చెయ్యద్దు, ముందే చెప్తున్న" అన్నాడు. సరే అన్నాను.

చేసిన వరుస ఇది:

1. పీపీపీఓఈ (ఆపరేటర్ సర్వరులోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డ్ వాట్సాప్‌లో రాసి పంపమన్నాను. ఫోన్‌లో విని రాసుకుంటే పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వస్తుంది.
2. డబ్బాలో వాన్ (బయటి లైను) పేజీ మొత్తం ఫోటో తీశాను. వీల్యాన్ నంబరు (ఆపరేటర్ లైనులో మన డేటాకు వేసే ట్యాగ్) అందులోనే ఉంటుంది.
3. అతను బ్రిడ్జ్‌కి మార్చాడు, డబ్బా వైఫై రెండూ ఆపించాను.
4. కొత్త రౌటర్ (దీన్ని ఎలా ఎంచుకున్నానో దశ 3లో) వాన్ పోర్టుకు లాన్ కేబుల్ పెట్టి పీపీపీఓఈ వివరాలు ఎక్కించాను.

కనెక్ట్ కాలేదు. రౌటర్ లాగ్‌లో చూస్తే అవతలి సర్వరు నుంచి జవాబే లేదు. వీల్యాన్ నంబరు రౌటర్‌లోనూ పెట్టాను, అదీ అసలు కారణం. ఈ డబ్బా బ్రిడ్జ్‌లో ఉన్నా వీల్యాన్ ట్యాగ్ తనే వేస్తుంది. రెండుసార్లు ట్యాగ్ పడితే ఎవరూ పలకరు. తీసేశాక జవాబు వచ్చింది, కానీ ఈసారి ఆథెంటికేషన్ ఫెయిల్. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం సరిచూశాను, సరిగ్గానే ఉన్నాయి. ఆపరేటర్ సర్వరులో మా అకౌంటును పాత డబ్బా మ్యాక్ అడ్రస్‌కి కట్టేసి ఉంచారు. "మ్యాక్ రిలీజ్ చెయ్" అని అడిగితే అతనికి ఒక్క క్లిక్ పని. అది కాగానే లైను లేచింది.

ఈ రెంటి తేడా గుర్తుంచుకోండి, చాలా టైం మిగులుతుంది: అవతల జవాబే లేకపోతే వీల్యాన్ చూడాలి. జవాబొచ్చి కాదంటే మ్యాక్ రిలీజ్ అడగాలి.

మీ ఆపరేటర్ బ్రిడ్జ్‌కి ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. డబ్బా వైఫై ఆపించి, దాని లాన్ పోర్టుకు మీ రౌటర్ తగిలించండి. అడ్రస్ రెండుసార్లు మారుతుంది కాబట్టి కొన్ని ఆన్‌లైన్ ఆటలు సణుగుతాయి. మిగతావాటికి ఇబ్బంది ఉండదు.

లైను లేచాక రౌటర్‌కి వచ్చిన వాన్ అడ్రస్ 100.64కి, 100.127కి మధ్యలో ఉంది. అంటే ఆపరేటర్ చాలా ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెట్టాడు. బయటివాళ్లు నేరుగా మన పోర్టు తట్టలేరు. దీన్ని చూసి ఫైర్‌వాల్ అక్కర్లేదనుకోకూడదు. రేపు ఆపరేటర్ ఐపీవీ6 (కొత్త తరం అడ్రస్‌లు) ఇస్తే ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ అడ్రస్ వస్తుంది, ఈ అడ్డు ఉండదు. అందుకే రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ కూడా ఇప్పుడే ఆన్ చేసి ఉంచాను.

దశ 3: రౌటర్, దాని కరెంటు

రౌటర్ ఎంచుకోవడానికి నా కొలబద్ద ఒక్కటే: ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి (రౌటర్లకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) దాని మీద ఎక్కుతుందా? కంపెనీ అప్‌డేట్లు ఆపేసినా ఇది వస్తూనే ఉంటుంది. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న చవక రకాలు వద్దు. 16 ఎంబీ, 128 ఎంబీ ఉంటే నిశ్చింత.

చౌరస్తాలో కొనేటప్పుడు బాక్సు విప్పించి చూడాలి. మోడల్ పేరు ఒకటే ఉంటుంది, కింద స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ వేరు. ఒక వెర్షన్‌కి ఎక్కేది ఇంకో వెర్షన్‌కి ఎక్కదు. మొదట చూపించింది ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి లిస్టులో లేని వెర్షన్. రెండో షాపులో సరైనది దొరికింది, 2,450 రూపాయలు.

ఎక్కించేటప్పుడు రెండు జాగ్రత్తలు. డౌన్‌లోడ్ అయిన ఫైలు షా256 విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) సైట్లో ఇచ్చినదానితో కలుస్తోందో చూడాలి. ఎక్కుతుండగా కరెంటు పోకూడదు. రెండోది మా ఏరియాలో, అందునా గాలివాన రోజుల్లో, మన చేతుల్లో లేదు. అందుకని ముందే రౌటర్లకు వాడే 12 వోల్టుల మినీ యూపీఎస్ కొన్నాను, 1,350. కొనేముందు అడాప్టర్ల మీద ఎంత కరెంటు రాసుందో చూసుకోండి. ఫైబర్ డబ్బా, రౌటర్ రెండూ కలిపి పెడితే ఇది 2 గంటల 10 నిమిషాలు నిలబడింది.

ఎక్కాక మొదటి బూట్‌లో వైఫై ఆఫ్‌లో ఉంటుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ అసలుండదు. పాడైందని కంగారు పడనక్కర్లేదు. లాన్ కేబుల్‌తో లాగిన్ అయి ముందు పాస్‌వర్డ్ పెట్టి, ఆ తర్వాతే వాన్ కేబుల్ తగిలించాలి.

డీఎన్‌ఎస్ 9.9.9.9 పెట్టాను. పేరుమోసిన మోసపు సైట్లను అక్కడే ఆపుతుంది.

లెక్క: ఖర్చు 3,800.

దశ 4: పాస్‌వర్డ్

పాతది నాన్న ఫోన్ నంబరు. ఎనుమాముల మార్కెట్‌లో మా కమిషన్ షాపు బోర్డు మీద, బిల్లు బుక్కు మీద, కాటా గది తలుపు మీద ఉన్న నంబరే. "గది అందరికి ఎరుకే గదరా, యాది ఉంటదని పెట్టిన" అన్నాడు నాన్న.

బోర్డు చూడనివాడికైనా ఇది కష్టమేం కాదు. డబ్ల్యుపిఏ2లో (వైఫైకి ఎక్కువగా వాడే రక్షణ పద్ధతి) ఫోన్, రౌటర్ చేతులు కలిపేటప్పుడు జరిగే నాలుగు మెసేజ్‌ల మార్పిడిని గాలిలోంచి పట్టుకుంటే చాలు. ఆ తర్వాత మన ఇంటి దగ్గర ఉండాల్సిన పని లేదు, ఎక్కడో కూర్చుని పాస్‌వర్డ్‌లు ఊహించుకుంటూ పోవచ్చు. ప్రతి ఊహకూ 4,096 సార్లు లెక్క తిప్పాలి, అందుకే ఇది కాస్త నిదానం. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి మొత్తం 400 కోట్లు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షలు సులువుగా చూస్తుంది. 4,000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు.

నా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. మా నెట్‌వర్క్ మీదే, మా ఇంట్లోనే పరీక్షిస్తే సెకనుకు దాదాపు పదివేలు వచ్చింది. ఆ లెక్కన 400 కోట్లకు నాలుగున్నర రోజులు. కానీ నాన్నది పాత బీఎస్ఎన్ఎల్ 9440 నంబరు. ఆ వయసు వ్యాపారుల్లో, ఉద్యోగుల్లో ఈ సిరీస్ ఉన్నవాళ్లు ఎంతమందో మన వైపు అందరికీ తెలుసు. మొదటి నాలుగు అంకెలు తెలిస్తే మిగిలేవి పది లక్షలే. వంద సెకన్ల పని. నాన్న ముందే వేసి చూపించాను, ఒకటిన్నర నిమిషం లోపే నంబరు తెర మీదికి వచ్చింది. ఈ పరీక్ష మీ సొంత నెట్‌వర్క్ మీద మాత్రమే చేయండి, పక్కవాళ్లది చేస్తే నేరం.

కొత్తదానికి చీటీలు వేశాను. 2,000 మామూలు తెలుగు మాటల జాబితా, అందులోంచి కళ్లు మూసుకుని తీసినట్టు పాచికలతో ఎంపిక. నాలుగు మాటలైతే అదే గ్రాఫిక్స్ కార్డుకు 185 రోజులు. ఐదైతే వెయ్యేళ్లు. ఐదు తీసుకున్నాను.

ఇక్కడ అనుకోని ఇబ్బంది వచ్చింది. మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి కదా. "చింత" వచ్చింది. నేను చివర్లో హెచ్ లేకుండా కొడతాను, అమ్మ హెచ్ పెడుతుంది, చెల్లి ఇంకోలా. "దోస", "తోట" అన్నీ ఇదే బాపతు. త, ద, ట, డ ఉన్న మాటలు, దీర్ఘాలున్న మాటలు జాబితాలోంచి తీసేశాను. మునగ, గంప, పలక, నెమలి లాంటివి, ఎవరు రాసినా ఒకేలా రాసేవి మిగిలాయి. దాదాపు 700. ఐదు మాటల బలం బాగా తగ్గింది, అందుకే ఆరో మాట కలిపాను. ఆరు మాటలకు మళ్లీ వెయ్యేళ్లు దాటింది. పైన చెప్పిన ఉదాహరణల్లో ఏదీ మాది కాదు.

అమ్మ, నాన్న మాత్రం ఎలాగూ కొట్టరు. క్యూఆర్ కోడ్ తీసి లామినేషన్ చేయించాను, 30 రూపాయలు. ఇంటి నెట్‌వర్క్‌ది బీరువా తలుపు లోపల, చుట్టాలదేమో (బయటివాళ్లకు పెట్టిన వేరే నెట్‌వర్క్, దశ 5లో వస్తుంది) హాల్లో గోడకు. క్యూఆర్‌లో పాస్‌వర్డ్ యథాతథంగా ఉంటుంది, ఎవరు ఫోటో తీసినా అయిపోయినట్టే. అందుకే ఈ తేడా.

లెక్క: ఖర్చు 3,830. కొత్త పాస్‌వర్డ్ పడ్డాక రాత్రి తొమ్మిదింటి ఫోన్ మళ్లీ కనిపించలేదు. ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

దశ 5: డబ్ల్యుపిఏ3

డబ్ల్యుపిఏ2 తర్వాతి రక్షణ పద్ధతి ఇది, 2018లో వచ్చింది. పాస్‌వర్డ్ మార్పిడిని గాలిలోంచి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లి ఊహించే దారిని ఇది మూసేస్తుంది. అన్ని చోట్లా పెట్టేస్తే బాగుండేది. పెడితే ప్రింటర్ పోయింది, బల్బులు పోయాయి, మోటారు మాడ్యూల్ పోయింది. రెండూ కలిసే మిశ్రమ పద్ధతి పెట్టినా బల్బులు పది నిమిషాలకోసారి ఊడిపోయాయి.

చివరికి కుదిరింది:

- 5 గిగాహెర్ట్జ్ మీద "ఇల్లు", మా ఫోన్లు, లాప్‌టాప్‌లకు: డబ్ల్యుపిఏ2, డబ్ల్యుపిఏ3 మిశ్రమం
- 2.4 మీద "సామాన్లు", బల్బులు, కెమెరా, మోటారు లాంటివాటికి: డబ్ల్యుపిఏ2, ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ మాత్రమే. పాత, బలహీనమైన టికెఐపి ఎక్కడా లేదు.
- "చుట్టాలు", పై పోర్షన్, పక్కింటివాళ్లకు: రెండింటి మీదా, డబ్ల్యుపిఏ2

మోటారు మాడ్యూల్ యాప్ 32 అక్షరాలు దాటిన పాస్‌వర్డ్ తీసుకోలేదు. ప్రమాణం ప్రకారం 63 దాకా ఉండొచ్చు. దాని కోసం "సామాన్లు" పాస్‌వర్డ్‌ను మాటలతో కాకుండా కలగాపులగపు 20 అక్షరాలతో పెట్టాను. దాన్ని మనుషులెవరూ కొట్టక్కర్లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

నెట్‌వర్క్ పేరు దాచడం, మ్యాక్ అడ్రస్‌ల జాబితా పెట్టడం చేయలేదు. దాచిన పేరును మన ఫోన్లే కనెక్ట్ అయ్యేటప్పుడు బయటికి చెప్తాయి. మ్యాక్ అడ్రస్ గాలిలో తెరిచే ఉంటుంది, కాపీ కొట్టడం నిమిషం పని. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ జాబితా మార్చుకుంటూ కూర్చోవడం తప్ప ఒరిగేదేం లేదు.

దశ 6: మూడు నెట్‌వర్క్‌లు, మధ్యలో గోడలు

పేర్లు పెట్టగానే గోడలు లేవవు. ఫైర్‌వాల్‌లో ఒక్కోదానికి ఒక్కో జోన్ చేయాలి. రూల్స్ ఇవి: "ఇల్లు" నుంచి "సామాన్ల"కు వెళ్లొచ్చు. "సామాన్ల" నుంచి "ఇంటి"కి రాకూడదు. "చుట్టాల" నుంచి ఇంటర్నెట్‌కి తప్ప ఎక్కడికీ వెళ్లకూడదు.

"చుట్టాలు" మొదట కనెక్ట్ అయింది గానీ ఐపీ రాలేదు. రౌటర్ వైపు దారి పూర్తిగా మూసేస్తే డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్ కూడా మూసుకుపోతాయి. 67, 53 ఈ రెండు పోర్టులు మాత్రం తెరవాలి. తెరిచాక వచ్చింది. క్లయింట్ ఐసోలేషన్ కూడా ఆన్ చేశాను, పై పోర్షన్ వాళ్లకు పక్కింటివాళ్లు కనపడకుండా. పక్కింటి టాబ్ ఆండ్రాయిడ్ 6 మీదే ఆగిపోయింది. 2017లో బయటపడిన క్రాక్ అనే డబ్ల్యుపిఏ2 లోపం ఎక్కువగా దెబ్బతీసింది ఆ వెర్షన్‌నే. అది గోడ అవతల ఉండటమే మేలు.

"చుట్టాల"కు 10 ఎంబిపిఎస్ పరిమితి. టీవీకి అది చాలు, ఎవరూ ఏమీ అనలేదు.

ప్రింటర్‌ను "సామాన్ల"లో పెడితే ఫోన్లకు కనపడలేదు. ప్రింటర్ తన ఉనికిని పక్క నెట్‌వర్క్‌కి చాటదు. దాన్ని మోసుకెళ్లే ప్యాకేజీ ఒకటి ఉంది, ఎక్కించాను, ఒకరోజు పనిచేసి మరునాడు మానేసింది. ప్రింటర్‌ను "ఇంటి"లోకి తెచ్చేశాను. ఇది రాజీయే, కానీ చెల్లి ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు కోసం ఇల్లంతా టెన్షన్ పడటం కన్నా నయం.

ఇక గేటు కెమెరా. ఈ మొత్తం పనిలో ఎక్కువ టైం తిన్నది ఇదే. ఎన్‌మ్యాప్‌తో చూస్తే ఇందులోనూ 23 తెరిచి ఉంది, మూసే సెట్టింగ్ లేదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. చేసిందల్లా టెల్‌నెట్‌లోకి వెళ్లి కంపెనీలు పెట్టి పంపిన అరవై చిల్లర పాస్‌వర్డ్‌లను వరుసగా ప్రయత్నించడమే.

కెమెరా నుంచి బయటికి వెళ్లే డేటా 24 గంటలు కొలిచాను: 1.6 జీబీ. ఆ రోజు ఎవరూ యాప్ తెరవలేదు. గేటు ముందు ఆటో కదిలినా, కుక్క నడిచినా క్లిప్ పంపుతోంది. కదలిక చూసే భాగాన్ని గేటు వరకే కుదించాక 240 ఎంబీకి దిగింది. అమ్మ వాళ్లు కూర్చునే వరండా ఫ్రేములో పడకుండా కెమెరాను కిందికి తిప్పాను.

దానికి ఇంటర్నెట్ పూర్తిగా ఆపేస్తే గొడవే ఉండదు. కానీ నాన్న షాపు నుంచి చూసుకోవాలంటాడు. రాత్రి అందరం ఇంట్లోనే ఉంటాం, రికార్డింగ్ కార్డులో పడుతూనే ఉంటుంది. కాబట్టి ఉదయం 9 నుంచి రాత్రి 8 వరకే కెమెరాకు ఇంటర్నెట్ ఇచ్చేలా టైం రూలు రాశాను. మరునాడు పదింటికి మార్కెట్ నుంచి ఫోన్: "కెమెరా వస్తలేదు, ఏం జేసినవ్?" మధ్యాహ్నం రెండున్నరకు దానంతటదే వచ్చింది. ఆ రెండున్నరే దారి చూపింది. రూలు యూటీసీ టైములో నడుస్తోంది, మనకు ఐదున్నర గంటల తేడా. 3:30 నుంచి 14:30 అని మార్చాక కుదిరింది. ఇలాంటి రూలు రాసినవాళ్లు మొదటిరోజు గడియారంతో సరిచూసుకోండి.

దశ 7: సిగ్నల్ కొలతలు

రౌటర్‌ను బీరువా మీంచి తీసి హాలు మధ్య గోడకు బిగించాను. 2.4 గిగాహెర్ట్జ్ కొలతలు, డీబీఎంలలో, సున్నాకు దగ్గరైతే బలం ఎక్కువ:

- హాలు -41
- వంటగది -57
- రోడ్డు అవతల టీకొట్టు -66
- పై పోర్షన్ గది -74

టీకొట్టు దగ్గర -66 అంటే అక్కడ కూర్చుని హాయిగా వాడుకోవచ్చు. పవర్ 20 నుంచి 14కి తగ్గించాను. టీకొట్టు -72, పై గది -80. దీన్ని భద్రత అనుకోవద్దు, మంచి యాంటెన్నా ఉన్నవాడు ఇంకా దూరం నుంచి కూడా వింటాడు. చుట్టుపక్కల రౌటర్లతో రొద తగ్గుతుంది, అంతే. ఛానల్ 11 ఖాళీగా ఉంది, అక్కడికి మార్చాను. 2.4లో ఒకదానిమీదొకటి పడనివి 1, 6, 11 మాత్రమే.

-80తో పై అబ్బాయిలకు క్లాసులు ఆగిపోతున్నాయి. స్లాబ్ దాటించడానికి పవర్ పెంచడం కన్నా కేబుల్ వేయడం మేలు. మెట్ల పక్క పైపులోంచి 18 మీటర్లు, మీటరు 22 చొప్పున 396, ఆర్‌జె45 పిన్నులు 40. క్రింపింగ్ పనిముట్టు లైన్ అబ్బాయే ఇచ్చాడు, ఫోన్ చెయ్యద్దన్నవాడే. పైన అటకమీది పాత రౌటర్ పెట్టాను, దాని డీహెచ్‌సీపీ ఆపి. కింద రౌటర్ 4వ లాన్ పోర్టును "చుట్టాల" జోన్‌కి ఇచ్చాను. దాంతో పైకి వెళ్లే కేబుల్ పీకి లాప్‌టాప్‌కి పెట్టినా "ఇల్లు" కనపడదు. ఐసోలేషన్ మాత్రం పై రౌటర్‌లో విడిగా ఆన్ చేయాలి, కింద చేస్తే పైన వర్తించదు. పై గదిలో ఇప్పుడు -48.

లెక్క: ఖర్చు 4,266.

దశ 8: తనిఖీ

1. "చుట్టాల" నుంచి "ఇంటి" మీద ఎన్‌మ్యాప్: ఒక్క పరికరమూ కనపడలేదు.
2. "సామాన్ల" నుంచి "ఇంటి" మీద: కనపడలేదు.
3. "చుట్టాల" నుంచి రౌటర్ అడ్మిన్ పేజీ: తెరుచుకోలేదు.
4. డబ్ల్యుపిఎస్: ఎనలైజర్ యాప్‌లో మా పేరు పక్కన ఆ గుర్తు లేదు.
5. యూపీఎన్‌పి (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే పద్ధతి): ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిలో మనం ఎక్కిస్తేనే ఉంటుంది, ఎక్కించలేదు.
6. కరెంటు తీసి పెట్టాక అన్నీ వాటంతటవే కనెక్ట్ అయ్యాయి. ఒక బల్బు తప్ప. దాన్ని ఐదుసార్లు ఆన్ ఆఫ్ చేసి రీసెట్ చేయాల్సి వచ్చింది.

తర్వాతి నెల వాడకం 310 జీబీ, పక్కింటి టీవీతో కలిపే.

మిగిలినవి: రౌటర్ సెట్టింగ్స్ బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంది, ప్రతి అప్‌డేట్ తర్వాత కొత్తది తీసుకోవాలి. పై పోర్షన్ ఖాళీ అయిన ప్రతిసారీ "చుట్టాల" పాస్‌వర్డ్, గోడమీది క్యూఆర్ మారాలి. కెమెరా మార్చాలి. ఈసారి కొనేదానికి లాన్ పోర్టు, ఆర్‌టిఎస్‌పి (కెమెరా నుంచి వీడియో నేరుగా తీసుకునే పద్ధతి) ఉండాలి, టెల్‌నెట్ ఉండకూడదు. షాపువాడికి మూడోది అడిగితే అర్థం కాలేదు. కొన్న రోజే ఎన్‌మ్యాప్ వేసి, 23 తెరిచి ఉంటే వెనక్కి ఇచ్చేస్తానని ముందే చెప్పి బిల్లు మీద రాయించుకోవాలి.